పైపు ఉండాదని నువ్వు చెప్తుండావు, నాకు వస్తుండాదే!

(కందుకూరులో రిటైర్డ్ ఉద్యోగుల నెలవారీ సమావేశంలో ఒక మత్తు డాక్టరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది. కరెంటు పోయి మైకు ఆగినప్పుడు కొన్ని మాటలు దొరకలేదు.)

అందరికీ నమస్కారం. నన్ను పిలిచిన మాస్టారు ఫోన్‌లో ఒక మాట అడిగారు. "డాక్టరుగారూ, షుగరు మీద మాట్లాడతారా, బీపీ మీదా?" అని. రెండూ కాదు మాస్టారూ, మూత్రం పైపు గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా, "ఆడవాళ్లు కూడా వస్తారు సార్" అన్నారు. (నవ్వులు) ఆడవాళ్లకీ వేస్తామండీ పైపు. కాన్పు ఆపరేషన్ అయిన ప్రతి తల్లికీ వేస్తాం. అందుకని సిగ్గుపడకుండా వినండి.

మొన్నామధ్య నెల్లూరులో ఒక పెద్దాయనకి మూత్రాశయంలో క్యాన్సర్ కంతి తీశారు. ఉలవపాడు వైపు ఊరు, మామిడి తోట ఉంది. మూత్రంలో నొప్పి లేకుండా రక్తం పడుతుంటే వేడి చేసిందనుకుని మూడు నెలలు సబ్జా గింజలు తాగాడు. ఈ మాట దాటిపోకముందే చెప్పేస్తా: నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే అది వేడి కాదు. ఒక్కసారి పడి ఆగిపోయినా సరే, చూపించుకోవాల్సిందే. సరే, ఆయనకి దుర్బిణి ఆపరేషన్ అయింది. పొట్ట కోయరు, మూత్రం వచ్చే దారిలోంచే దుర్బిణి పంపించి, కంతిని కరెంటు తీగతో పెచ్చులు పెచ్చులుగా తీసేస్తారు. పూర్తి మత్తు ఇచ్చాను నేను. మెలకువ వచ్చింది. కళ్లు తెరవగానే మొదటి మాట మా సిస్టరమ్మతో:

"అమ్మే, నన్నొకసారి లేపు. ఒంటికి పోయొస్తా."

"పైపు ఉండాది పెదనాయనా. దాంట్లోనే పోతాది. నువ్వు కదలబాక."

"పైపు ఉండాదని నువ్వు చెప్తుండావు, నాకు వస్తుండాదే!"

ఆ అమ్మాయి మంచం కింద బ్యాగు పైకెత్తి చూపించింది. నాలుగు వందల మిల్లీలీటర్లు ఉంది దాంట్లో. ఆయన దాన్ని అటూ ఇటూ చూసి, "అది నాది కాదు" అన్నాడు. (నవ్వులు)

మీరు నవ్వారు, అక్కడ మేమూ నవ్వాం. కానీ ఆయన మొహాన చెమట పట్టి ఉంది. రెండు కాళ్లూ దగ్గరికి బిగబట్టుకుని, దుప్పటి గుప్పిట్లో నలుపుతున్నాడు. ఆపరేషన్ చేసిన చోట నొప్పి ఎంతుందని అడిగితే "నొప్పి ఏం లేదయ్యా" అన్నాడు. నిజమే, ఆయన బాధ నొప్పి కాదు. బస్సులో ఒంటికి వస్తే, డ్రైవరు ఆపకుండా పోతుంటే ఎట్టా ఉంటుందో అది. బస్సులో అయితే సింగరాయకొండో, ఒంగోలో వస్తుంది, దిగుతారు. ఇక్కడ దిగే ఊరు లేదు.

ఇది ఎందుకొస్తుంది? కంట్లో నలక పడితే నీళ్లు కారతాయి. ఏడుపొచ్చి కాదుగదా. నలకని బయటికి తోసెయ్యాలని కన్ను చేసే పని అది. మూత్రాశయానికి తెలిసింది ఒకటే విద్య, లోపల ఉన్నదాన్ని బయటికి నెట్టడం. పైపు చివర ఒక బెలూన్ ఉంటుంది, జారిపోకుండా దాంట్లో నీళ్లు నింపుతాం. మామూలు పైపైతే పది మిల్లీలీటర్లు, ఉసిరికాయంత. కంతి తీశాక రక్తం గడ్డలు కట్టకుండా సెలైన్‌తో కడగాలి గనక మూడు దారుల పైపు వేస్తారు, దానికి ముప్ఫై మిల్లీలీటర్ల దాకా. అంటే గూడూరు నిమ్మకాయంత. అది పోయి కూర్చునేది మూత్రాశయం అడుగున, మెడ దగ్గర. మూత్రం నిండిందని మనకి కబురు పంపే నరాలు దట్టంగా ఉండేదీ అక్కడే. సంచి ఖాళీగా ఉన్నా, నిమ్మకాయ ఒత్తుతుంటే "నిండింది, నిండింది" అని కబుర్లు పోతూనే ఉంటాయి. దానికి తోడు కంతి కోసిన పచ్చి పుండు. కండరం తనంతట తాను బిగుసుకుంటుంది. ఆ బిగింపుని నడిపించే రసాయనం పేరు ఎసిటైల్‌కోలిన్, అది పోయి తగిలే తాళం కప్పలని మస్కరినిక్ రిసెప్టర్లు అంటారు. ఈ రెండు పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, కానీ మత్తు సంగతి వచ్చినప్పుడు మళ్లీ వస్తాయి.

పైపు సైజుని ఫ్రెంచ్ అని కొలుస్తాం. పారిస్‌లో పరికరాలు చేసే షారియేర్ అనే ఆయన పెట్టిన కొలత. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. పద్దెనిమిది నంబరు పైపు అంటే ఆరు మిల్లీమీటర్ల లావు. కంతి ఆపరేషన్ తర్వాత వేసేది ఇరవై, ఇరవై రెండు. పద్దెనిమిది, ఆపైన ఉన్న పైపు వేసినవాళ్లకీ, మగవాళ్లకీ ఈ బాధ ఎక్కువని అధ్యయనాలు చెప్తున్నాయి. మగవాళ్లకి ఎందుకంటే దారి పొడుగు. ఆడవాళ్లకి నాలుగు సెంటీమీటర్లు ఉండేది, మగవాళ్లకి పద్దెనిమిది, ఇరవై. ఎంతమందికి వస్తుందీ అంటే, ఒక్కో అధ్యయనంలో ఒక్కో లెక్క: 47 శాతం నుంచి 90 శాతం దాకా. తక్కువ లెక్క తీసుకున్నా సగం మంది.

సగం మందికి వచ్చేదాన్ని మేం ఏం చేశాం చాలా కాలం? "ఓర్చుకోండి" అన్నాం. నేనూ అన్నాను. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. పదిహేనేళ్ల కిందట మాట. ఒక ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి. ఒక రైతుకి వెన్నుకి మత్తిచ్చి ఇదే ఆపరేషన్. మధ్యాహ్నం మూడింటికి అయిపోయింది. హాయిగా మాట్లాడుతున్నాడు. కాళ్లు కదిలించమంటే కదిలించాడు. బాగుంది, వార్డుకి పంపండన్నాను, ఇంటికెళ్లాను. పోతూ పోతూ సిస్టర్‌కి చెప్పాను, "రాత్రి ఒంటికొస్తుందంటాడు, అది మామూలే." రాత్రి పదకొండింటికి ఆయన మంచం మీద లేచి కూర్చుని, రెండు చేతులా పైపు పట్టుకుని పీకేశాడు. బెలూన్‌లో నీళ్లు అట్టాగే ఉన్నాయి. నిమ్మకాయంతది, ఆ సన్నటి దారిలోంచి బయటికొస్తే ఏమవుతుందో మీరే అనుకోండి. మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లాల్సి వచ్చింది. సిస్టర్‌ని అడిగాను, నాకు ఫోన్ ఎందుకు చెయ్యలేదని. "మామూలేనన్నారు కదా సార్" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు నుంచే మత్తు ఎంపికకీ ఈ బాధకీ ఉన్న సంబంధం మీద మనసు పెట్టాను. అదే ఇప్పుడు చెప్పబోయేది.

మన రైతులకి అర్థమయ్యేట్టు చెప్తా. పూర్తి మత్తు అంటే ఇంటాయన నిద్రపోయినట్టు. ఊళ్లో కరెంటు అట్టాగే ఉంది, తీగలన్నీ పనిచేస్తున్నాయి, కాకపోతే ఆయనకి తెలియదు. లేవగానే అన్నీ ఒక్కసారి తెలుస్తాయి. వెన్నుకి సూది అంటే సబ్‌స్టేషన్‌లో ఫీడరు ఆపినట్టు. ఇంటాయన మేలుకునే ఉన్నాడు, నడుము కింద లైన్లకి మాత్రం సప్లై లేదు. మూత్రాశయం నుంచి కబురు మోసే నరాలు వెన్ను అడుగు నుంచి వస్తాయి, శాక్రల్ నరాలు రెండు, మూడు, నాలుగు. వెన్ను సూది వాటిని గట్టిగా ఆపేస్తుంది. కాబట్టి వెన్నుకి మత్తు ఇచ్చినవాళ్లు థియేటర్ పక్క గదిలో కూర్చుని కబుర్లు చెప్తారు. పూర్తి మత్తువాళ్లు మన ఉలవపాడు పెద్దాయనలాగా దుప్పటి నలుపుతారు.

అయితే వెన్ను సూదే మంచిదా? చాలా ఏళ్లు అట్టాగే అనుకున్నాను. అది బాధని తీసెయ్యదు, వాయిదా వేస్తుంది. ఇంకో తిరకాసు ఉంది. వెన్ను మత్తు దిగేటప్పుడు పై నుంచి కిందికి దిగుతుంది. పొట్టకి ముందు స్పర్శ వస్తుంది, తర్వాత తొడలు, కాళ్లు. అన్నిటికన్నా ఆఖర్న మేలుకునేది మూత్రాశయం. మేం కాళ్లు కదిలాయని చూసి వార్డుకి పంపిస్తాం. అప్పటికి దానికింకా తెల్లవారలేదు. అది లేచే సమయానికి రాత్రవుతుంది, వార్డులో ఇద్దరు సిస్టర్లుంటారు, మత్తు డాక్టరు ఇంట్లో అన్నం తింటుంటాడు. మా కాగితాల్లో మాత్రం "ఏ ఇబ్బందీ లేదు" అని ఉంటుంది. మేం చూసిన గంటలో లేదు మరి. నా రైతు విషయంలో జరిగింది అదే.

పూర్తి మత్తులోనూ రకాలున్నాయి. ఒకటి పీల్చే మత్తు, సెవోఫ్లురేన్ లాంటివి. ఇంకోటి నరానికి ఎక్కించేది, ప్రొపోఫాల్. పాలలాగా తెల్లగా ఉంటుంది. నిద్ర పుచ్చడానికి ఎక్కువమందికి ఈ పాల మందే ఇస్తాం, ఆ తర్వాత ఆపరేషన్ సాగినంతసేపూ నిద్రని నిలబెట్టేది గ్యాసా, పాల మందా అన్నది డాక్టరు ఎంచుకునేది. దక్షిణ కొరియావాళ్లు సరిగ్గా ఈ కంతి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లనే రెండు జట్లు చేసి చూశారు, ఆ అధ్యయనం 2015లో వచ్చింది. సెవోఫ్లురేన్‌తో నడిపినవాళ్లకి లేచిన తొలి గంటల్లో పైపు బాధ తక్కువ. ఎందుకయ్యుండొచ్చు? ఇందాక చెప్పిన తాళం కప్పలు గుర్తున్నాయా, మస్కరినిక్‌వి? ఆ గ్యాసు వాటిని కొంత మొద్దుబారుస్తుంది. ప్రొపోఫాల్‌కి వేరే మంచి గుణం ఉంది, లేచాక వాంతులు తక్కువ. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి. అన్నీ ఒక కుండలో రావు. (నవ్వులు)

ఇంకో చిన్న సంగతి, మా మత్తు డాక్టర్లలో కూడా అందరూ పట్టించుకోరు. కండరాలు వదులు చెయ్యడానికి ఇచ్చిన మందుని ఆఖర్లో దించడానికి నియోస్టిగ్మిన్ అని ఇస్తాం. అది ఒళ్లంతా ఎసిటైల్‌కోలిన్‌ని పెంచుతుంది. మూత్రాశయాన్ని బిగించేదీ అదే కదా! అందుకే దాంతోపాటు విరుగుడుగా గ్లైకోపైరోలేట్ గానీ అట్రోపిన్ గానీ కలిపి ఇస్తాం. గ్లైకోపైరోలేట్ ఎక్కువసేపు నిలుస్తుంది. నాకు దానివైపే మొగ్గు.

మందుల విషయానికి వస్తే మన దేశంలోనే మంచి పని జరిగింది. లక్నోలో సంజయ్ గాంధీ పీజీఐ ఆసుపత్రి డాక్టర్లు 2005లో చూపించారు, టాల్టెరోడిన్ అనే మాత్ర ఆపరేషన్‌కి ముందే వేస్తే ఈ బాధ తగ్గుతుందని. మాటిమాటికీ ఒంటికి పరిగెత్తేవాళ్లకి ఇచ్చే మాత్ర అది, కొత్తదేం కాదు. కొత్తగా తోచింది ముందే ఇవ్వాలన్నది. మెలకువ వచ్చాక "సిస్టర్, మాత్ర తెండి" అంటే అది పనిచేసేసరికి పొద్దుపోతుంది. లేచాక తట్టుకోలేకపోతుంటే ట్రమడాల్, కొద్ది మోతాదులో కెటమిన్, అట్టాంటివి నరానికి ఇస్తాం. మార్ఫిన్ లాంటి నొప్పి మందులు దీని మీద పెద్దగా పనిచెయ్యవు. నొప్పి కాదుగదా ఇది. తెలియక పోస్తూ పోతే మనిషి మగతలోకి పోతాడు, మూత్రాశయం మాత్రం మేలుకునే ఉంటుంది.

బాధని నాలుగు మెట్లుగా రాస్తాం. అసలు లేదు. అడిగితే చెప్తాడు. అడక్కుండానే చెప్తాడు. నాలుగోది కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ పైపు పీకబోతాడు. మంచి లెక్కే, కాకపోతే మన వార్డుల్లో రెండో మెట్టు ఎప్పుడూ ఖాళీ. ఎందుకంటే అడిగేవాడు లేడు. ఆడవాళ్ల వార్డులో మరీను. "ఎట్టా ఉందమ్మా?" అంటే "బాగానే ఉందయ్యా" అంటారు. "ఒంటికి వస్తున్నట్టు అనిపిస్తుందా?" అని పేరు పెట్టి అడిగితే అప్పుడు కొంగు నోటికడ్డం పెట్టుకుని, "అదేందో పొద్దుట్నించీ అదే తంటా" అంటారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. "ఒంటికొస్తుంది" అన్నవాళ్లందరిదీ ఈ బాధే అనుకోకూడదు. పైపు నిజంగానే మూసుకుపోయి ఉండొచ్చు, రక్తం గడ్డ అడ్డంపడి. అందుకని మొదట చూడాల్సింది బ్యాగు. సెలైన్ పోతూ ఉందా, బ్యాగులోకి దిగుతోందా? లోపలికి పోతూ బయటికి రాకపోతే పొత్తికడుపు ఉబ్బుతుంది, అప్పుడు సిరంజితో కడిగి గడ్డ తియ్యాలి, మాత్రలూ మత్తులూ కాదు. మీరు రోగికి తోడుగా ఉన్నవాళ్లైతే బ్యాగు రంగు కూడా చూస్తుండండి. పల్చటి రోజా రంగైతే పర్లేదు. నన్నారి షర్బత్తు రంగొస్తే వెంటనే పిలవండి. పైపుని తొడకి ప్లాస్టర్‌తో అంటించి ఉంటారు, అది ఊడిపోయి వేలాడితే బెలూను మెడకి ఒత్తుకుని బాధ ఇంకా పెరుగుతుంది. ఆ ప్లాస్టర్ సంగతి చూడండి.

(ఇక్కడ కరెంటు పోయింది)

...ఆ, వచ్చింది. ఫీడర్ అన్నాను, ఆపేశారు. (నవ్వులు) ఏం చెప్తున్నా, ఎంపిక. నన్నడిగితే, మన పెద్దవాళ్లలో ఎక్కువమందికి వెన్ను సూదే నా మొదటి మాట. కారణం మూత్రాశయం కాదు, ఊపిరితిత్తులు. ఈ కంతి వచ్చేవాళ్లలో పొగతాగినవాళ్లు ఎక్కువ. అమెరికా లెక్కల్లో మూత్రాశయం క్యాన్సర్లలో దాదాపు సగం పొగాకు వల్లే. పొగలో ఉన్న విషాలు రక్తంలో కలిసి, వడపోతలో మూత్రంలోకి దిగి, గంటల తరబడి ఆ సంచిలో నిల్వ ఉంటాయి. కందుకూరులో నిలబడి ఈ మాట అనడం నాకు తెలుసు ఎట్టాంటిదో. ఇక్కడ వేలానికి పొగాకు బేళ్లు తెచ్చేవాళ్ల ముందు అంటున్నా. పండించినందుకు రాదండీ, కాల్చినందుకు వస్తుంది. నలభై ఏళ్లు చుట్ట కాల్చిన ఊపిరితిత్తులకి గొట్టం వేసి మిషన్ మీద పెట్టడం కన్నా, మేలుకునే ఉంచి వెన్నుకి సూది వెయ్యడం నయం.

అది కూడా కంతి ఎక్కడుందో చూసుకుని. పక్క గోడ మీద ఉంటే ఇంకో చిక్కు. ఆ గోడ పక్కనే తొడకి పోయే అబ్ట్యురేటర్ నరం ఉంటుంది. కోసే కరెంటు దానికి తగిలిందంటే కాలు ఎద్దు తన్నినట్టు ఝాడిస్తుంది. దుర్బిణి లోపల ఉండగా కాలు ఎగిరితే మూత్రాశయానికి చిల్లు పడొచ్చు. వెన్ను సూది దీన్ని ఆపలేదు, ఎందుకంటే కరెంటు తగిలేది వెన్ను దాటి వచ్చాక, కింద నరానికి. అప్పుడు ఆ నరానికి విడిగా గజ్జల్లో మత్తు వెయ్యాలి, లేదా పూర్తి మత్తిచ్చి కండరాలు వదులు చెయ్యాలి. సర్జనూ నేనూ స్కాను ముందేసుకుని మాట్లాడుకునేది ఇదే.

"వెన్నుకి సూదేస్తే జన్మంతా నడుము నొప్పి" అంటారు మీలో సగం మంది. సూది గుచ్చిన చోట రెండు మూడు రోజులు నొప్పి ఉండొచ్చు. ఏళ్లకొద్దీ నడుము నొప్పికి ఆ సూదే కారణమని ఎక్కడా తేలలేదు. 1898లో జర్మనీలో ఆగస్ట్ బియర్ అనే ఆయన మొదలుపెట్టినప్పుడు తలనొప్పులొచ్చేవి, ఆయనకీ వచ్చింది, తన మీద కూడా చేయించుకున్నాడులెండి. ఇప్పటి సూదులు చాలా సన్నం, తలనొప్పి చాలా తగ్గింది.

మీరు మత్తు డాక్టరుకి తప్పక చెప్పాల్సినవి: గుండెకి స్టెంటు వేయించుకుని రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే అది, ఎందుకంటే కొన్నిటిని రోజుల ముందు ఆపకుండా వెన్నుకి సూది వెయ్యలేం. మీ అంతట మీరు మాత్రం ఆపకండి, గుండె డాక్టరు చెప్పాలి. కంటికి నీటికాసులుంటే అది. మతిమరుపు మొదలైతే అది కూడా, సిగ్గుపడొద్దు. టాల్టెరోడిన్ లాంటి మాత్రలు నోరెండబెడతాయి, మలబద్ధకం చేస్తాయి, మతిమరుపున్న పెద్దవాళ్లని రాత్రిపూట తికమక పెడతాయి, కొన్ని రకాల నీటికాసుల్లో కంటి ఒత్తిడి పెంచుతాయి.

ఇప్పుడు నేను మారింది ఏంటంటే, ముందు రోజు మంచం దగ్గరికెళ్లి చెప్తాను. "రేపు మెలకువ వచ్చాక ఒంటికి వస్తున్నట్టే ఉంటుంది. మీ మూత్రం పైపులో పోతూనే ఉంటుంది. అయినా వస్తున్నట్టుంటుంది. ముక్కొద్దు, లేవొద్దు, సిస్టర్‌కి చెప్పండి." ముక్కితే బిగింపు ఇంకా పెరుగుతుంది. వార్డు సిస్టర్‌కి రాత్రి ఎనిమిదింటికి నేనే ఫోన్ చేస్తాను. "మామూలే" అన్న మాట వాడడం మానేశాను.

ఏమన్నా అడుగుతారా?

(ఒక మహిళ: పైపు తీసేటప్పుడు నొప్పి ఉంటదా సార్?)

సిరంజితో బెలూన్‌లో నీళ్లు తీసేస్తారమ్మా, అప్పుడు జారి వచ్చేస్తుంది. ఊపిరి గట్టిగా పీల్చి వదులుతుండగా తీస్తే ఇంకా సులువు. తీశాక మొదటి రెండు మూడుసార్లు మంట పుడుతుంది. నీళ్లు బాగా తాగండి, గుండె, కిడ్నీ డాక్టర్లు వద్దని ఉంటే తప్ప. ఆరేడు గంటలైనా ఒంటికి రాకపోతే మాత్రం ఇంటికి పోవద్దు.

(వెనక నుంచి ఒక పెద్దాయన: మా తమ్ముడికి మీరు చెప్పిన ఆపరేషనే అయింది డాక్టరుగారూ. చుట్ట మళ్లా ఎప్పుడు మొదలుపెట్టొచ్చు అంటుండాడు.)

(నవ్వులు) తమ్ముడికేనా పెదనాయనా? ఈ కంతికి మళ్లీ మొలిచే గుణం ఉంది, అందుకే మూడు నెలలకి మళ్లీ దుర్బిణి పెట్టి చూస్తారు. చుట్ట అంటించిన ప్రతిసారీ దానికి ఎరువేసినట్టే. ఆ మూడు నెలల పరీక్షకి తమ్ముణ్ణి మీరే తీసుకురండి. జేబులో ఆ పొట్లం మాత్రం బయటే పెట్టి రండి.